జీడికూలీల ప్రావిడెంటు ఫండు

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు దేశమంతటను పేరు గన్నది. ఉద్దానపు తోటలలో రాలిన పిక్కయు, ఆఫ్రికా ఖండమునుండి ఓడలమీద వచ్చిన పిక్కయు ఇచ్చటి కార్ఖానాలలో ఉడికి, పగిలి, పొట్టు వలువబడి, పప్పుగా పెట్టెల కెక్కుచున్నది. ఈ పనిలో చేయి పెట్టువారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఏ రకపు పప్పు ఏ వెల పలుకునో వర్తకులు ఎరుగుదురు. జీడిరసము సోకి నల్లబడిన ఆ వ్రేళ్లు పని మానిన పిమ్మట ఆ స్త్రీ బ్రదుకు ఎట్లు గడచునో లెక్క వేసినవారు అరుదు. ఆ లెక్కను నేడు మా పాఠకులముం దుంచ దలచితిమి.

హరిశ్చంద్రపురము మీదుగా పలాసకు పోవు ఇనుపదారిపై ఒకప్పుడు బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ బండ్లు నడచెను. ప్రభుత్వోద్యోగుల యొక్కయు, రైల్వే ఉద్యోగుల యొక్కయు ప్రావిడెంటు ఫండును అప్పులవారు జప్తు చేయకుండ 1925 నాటి శాసనమే కాపాడెను. కార్ఖానాలలోని సామాన్య కార్మికులకు అట్టి యండ స్వరాజ్యము వచ్చిన పిమ్మటగాని లభింపలేదు. 1951 నవంబరు 15న ఆర్డినెన్సును, 1952లో శాసనమును వెలువడెను. పథకము 1952 నవంబరు 1 నాటికి సంపూర్ణముగా అమలు జరిగెను. అప్పుడు కేంద్రమున కార్మికశాఖ మంత్రి వరాహగిరి వేంకటగిరి గారు. వారు మన పొరుగున బరంపురమున జన్మించి, ఆ రైల్వే కార్మికులకే నాయకత్వము వహించిన ఆంధ్రులు. తొలుత 6 పరిశ్రమలకు, అందును 50 మందికి తక్కువ గాని కార్ఖానాలకు మాత్రమే ఆ చట్టము వర్తించెను. 1960లో ఆ సంఖ్య 20కి దిగెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోను 20 అను హద్దే నిలిచినది.

ఈ ఫండు నడచు తీరు మిక్కిలి సులభము. కూలి యొక్క వేతనములో నూటికి 12 వంతులు తగ్గించి యజమాని తన వద్ద నుంచుకొనును. తానును అంతే మొత్తమును చేర్చి, మరుసటి నెల 15వ తేదీలోపల జమ కట్టవలెను. ప్రతి కార్మికునకు 12 అంకెల సంఖ్యయొకటి యుండును. అతడు ఎన్ని కార్ఖానాలు మారినను ఆ సంఖ్య మారదు. లెక్కకు నెలజీతము 10,000 రూపాయ లనుకొందము. కార్మికుని వాటా 1,200. యజమాని వాటా 1,200లో 833 పింఛను పథకమునకు పోగా, తక్కిన 367 ఫండులో చేరును. నెలకు 1,567 చొప్పున 20 ఏండ్లలో జమ యగు అసలు 3,76,080 రూపాయలు. 2024-25 సంవత్సరమునకు నిర్ణయింపబడిన 8.25 శాతము వడ్డీయే అంతకాలమును నిలిచె ననుకొన్నచో, ఆ మొత్తము 8,80,000 దాటును. ఇదిగాక 10 ఏండ్ల సర్వీసు నిండినవారికి 58వ యేట నెలనెల పింఛను గలదు. కార్మికుని చేతినుండి పోయిన దందులో 2,88,000 మాత్రమే.

ఈ లెక్క వినినవా రెవ్వరును దీనిని యజమాని చేయు దానధర్మ మనరు. యజమాని చేర్చు వాటా కూలియే. నేడు చేతి కీయక, ముదిమిలో నిచ్చుటకు దాచిన కూలి. కాబట్టియే కార్మికుని జీతమునుండి తగ్గించిన సొమ్మును జమ కట్టక యుంచుకొనుటను మన నేరశాసనము నమ్మకద్రోహముగా నెంచుచున్నది.

ఐనను చట్టమునకు తప్పుదారులు లేకపోలేదు. ఒకే కార్ఖానాను రెండు మూడు పేర్లతో నడుపుట, హాజరుపట్టీలో పేర్లు 20 కాకుండ చూచుకొనుట, కిలో లెక్కన పొట్టు వలుచు స్త్రీలు తమ పనివారే కారనుట మొదలగునవి పలుదేశములలో పలు పరిశ్రమలు తొక్కిన దారులే. కిలో లెక్కన కూలి తీసికొన్నను, గుత్తేదారుద్వారా పనికి వచ్చినను కార్మికుడు కార్మికుడే యని శాసనము చెప్పుచున్నది. పలాస వర్తకులు తమ సరకునకు సంపాదించిన మంచిపేరు ఇట్టి దారులవలన చెడరాదని మా కోరిక.

యజమానుల ఇబ్బందులను మే మెరుగకపోలేదు. పిక్క ధర విదేశపు సంతలచేతిలో నున్నది. పప్పు ధర ఒక్కొక్కయేడు పడిపోవుచున్నది. చిన్న కార్ఖానాదారునకు బ్యాంకు వడ్డీయే బరువు. నిజమే. కాని పిక్క కొనునపుడు, బొగ్గు కొనునపుడు, సంచి కొనునపుడు లెక్కలోనికి వచ్చిన ఖర్చులలో పనిచేయు చేతుల ముదిమి మాత్రము ఏల రాకూడదు? కూలీలే కోత వద్దనుచున్నారని మరికొందరందురు. నేటి ఆకలిముందు 20 ఏండ్లనాటి రూపాయి దూరముగా కనబడుట సహజము. ఆ సంశయమునకు మూలము పలుమారులు అపనమ్మకమే. సొమ్ము జమయైనదని నెలనెల తన సెల్లుఫోనులో చూచుకొన్న నాడు కూలికి కోతపై కోపముండదు.

ఉద్దానమునకు ఈ విషయ మింకొక కారణమున మిక్కిలి ముఖ్యము. కొబ్బరిచెట్టును, జీడితోటను పెద్దకొడుకువలె నమ్ముకొన్న సీమ యిది. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఒక్కరాత్రిలో ఆ నమ్మకమును కూలద్రోసెను. భూమిగలవానికే అట్టి గతి పట్టినపుడు భూమిలేనివాని మాట వేరుగ చెప్పవలెనా? దీనికితోడు మూత్రపిండముల వ్యాధి మన పల్లెలను పీడించుచున్నది. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది; సంతోషమే. కాని మందు రోగమునకు. రోగితో ఆగిపోయిన ఇంటి రాబడికి మందేది? సర్వీసులో నుండగా కార్మికుడు మరణించినచో భార్యకు పింఛను, పనికి శాశ్వతముగా అశక్తుడైనచో అతనికి పింఛను, జమతో ముడిపడిన 7 లక్షలవరకు భీమా - ఇవన్నియు ఈ పథకమున కలవు. పింఛనుకై 10 ఏండ్లు నిండవలెనను నియమము ఈ రెండు ఆపదలకు లేదు. పట్టీలో పేరు లేనివానికి వీనిలో నేదియు లేదు.

20 మందికి తక్కువగా నున్న కార్ఖానాదారులు, తమకు చట్టము వర్తింపదని ఊరకుండ పనిలేదు. యజమానియు, పనివారిలో అధికసంఖ్యాకులును సమ్మతించినచో వారును స్వచ్ఛందముగా చేరవచ్చును. ఇంటికంబారిని, వంటమనిషిని, తోట కావలివానిని పెట్టుకొన్న భూస్వాములైన మా పాఠకులకును మార్గము కలదు. 2015లో ఆరంభమైన అటల్ పింఛను యోజనలో 18 మొదలు 40 ఏండ్లవారు, ఆదాయపు పన్ను కట్టనివారు, బ్యాంకులోగాని తపాలాఫీసులోగాని చేరి, 60వ యేటినుండి నెలకు 1,000 మొదలు 5,000 రూపాయలవరకు పింఛను పొందవచ్చును. ఆ నెలచందాను జీతముగాక యజమాని కట్టినచో, పండుగకిచ్చు బట్టలకంటె అది మేలైన కానుక యగును.

కార్మికసోదరులకును, సోదరీమణులకును ఒక మాట. మీ సంఖ్యను అడిగి వ్రాసికొనుడు. ఆధారులో నున్నట్లే ఇంటిపేరు, పుట్టినతేదీ చేర్పించుడు. వారసుని పేరు వ్రాయించుడు. విశాఖకు, హైదరాబాదుకు వలసపోవునపుడు పాత సంఖ్యనే కొత్త యజమానికి చూపుడు. పని మారినప్పుడెల్ల సొమ్మును తీసికొన్నచో ముసలితనమునకు మిగులునది శూన్యము. ఇక అధికారులు పట్టణమున కూర్చుండి అర్జీలకై వేచియుండక, పలాసలోను, టెక్కలిలోను కార్ఖానాల వాకిటికే వచ్చి పేర్లు చేర్పింపవలెనని కోరుచున్నాము.

సత్యమునకై సర్వమును విడిచిన రాజుపేరు మన యూరు మోయుచున్నది. పనివానికి చెల్లవలసిన సొమ్మును, చెల్లవలసిన తేదీలోపల, అతని పేరనే కట్టుట అట్టి త్యాగము కాదు. కేవలము బాకీ తీర్చుట. కొత్త జీడిపిక్క కార్ఖానాలకు చేరు నాటికి ప్రతి కూలి పేరును పట్టీ కెక్కించి, ఈ బాకీని తీర్పుడని పలాస వర్తకసోదరులను వేడుచున్నాము.