పెద్ద చెక్కు ఫోటోలు ఇక చాలు

పోస్టు కొంచెం పెద్దగ ఉంటది. కొందరికి కోపం కూడా వస్తది. పూర్తిగా చదివినంక తిట్టండి.

మొన్న మళ్లీ గ్రూపుల ఒక ఫోటో వచ్చింది. ఇక్కడ దుబాయ్‌లో నిద్రల గుండె ఆగి పోయిన మనోని ఇల్లు, జగిత్యాల దిక్కు. తల్లి, ఇద్దరు పిల్లలు, వాళ్ల చేతుల తలుపంత చెక్కు, వెనుక ఎనిమిది మంది పెద్దమనుషులు. కింద "అనాథ పిల్లల చదువుకు చేయూత" అని రాసిండ్రు. దండం బొమ్మలు వందల్ల పడ్డయి. తల్లి పక్కనే నిలబడి ఉండంగ ఆ పిల్లలు అనాథలు ఎట్లయిండ్రని ఒక్కరూ అడగలే.

నేను శుద్ధపూసను కాదు. నాలుగేండ్ల కింద ఇట్లాంటి ఫోటో నేనే పది గ్రూపులల్ల పెట్టిన. క్యాంపుల నా పక్క మంచమోడు పోయిండు. జమైనవి 1,80,000 రూపాయలు. కొడుకు అప్పుడు ఎనిమిదో తరగతి. "వాని చదువుకు ఇక ఢోకా లేదు" అని రాసింది కూడా నేనే. ఆ పైసలు వీసా అప్పుకు, దాని మిత్తికి, దినాల ఖర్చుకు పోయినయి. ఆరు నెలలు గూడ ఆగలే. తల్లిని తప్పు పట్టలేం. అప్పిచ్చినోడు గడపల కూసుంటే బడి కోసం పైసలు ఎవరు దాస్తరు? పోరడు పదో తరగతితోని ఆగిపోయిండు. పోయిన నెల ఫోన్ చేసి, "చిన్నాయనా, వచ్చే ఏడు నాకు పద్దెనిమిది నిండుతయి, ఒక వీసా చూడు" అన్నడు.

మనం చదివిస్తున్నం అనుకున్న పిల్లగాడు మన మంచం పక్కకే వస్త అంటున్నడు. ఇగ మనం చేసిందేంది?

చావుకు ఇచ్చే చందా వేరు, చదువుకు నిలబడుడు వేరు. మొదటిది తప్పని అంటలేను. శవం ఇంటికి చేరాలె, దినాలు కావాలె. కాని దానికి చదువు అని పేరు పెట్టకండి. ఎనిమిదో తరగతి పోరడు ఇంటర్ దాటాలంటే ఐదేండ్లు కావాలె. ఐదేండ్ల పనికి ఒక్కరోజు చెక్కు సరిపోదు.

"ఫీజులకు లక్షలు కావాలె కదా" అంటరు. ఎందుకు కావాలె? మన గురుకులాలల్ల చదువు, తిండి, ఉండుడు అన్నీ ఉచితం. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలున్నయి. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్ల సీట్ల కాడ ప్రాధాన్యం ఇస్తమని 2024లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. పిల్లలు బడి మానేది చానాసార్లు ఫీజు కోసం కాదు. ఇంట్ల పూట గడవక మానేస్తరు. తల్లి బీడీలు చుడితే, వితంతు పింఛను 2,016 రూపాయలు వస్తే, దాంతోని అద్దె, మందులు, మిత్తి ఎట్ల ఎల్లుతయి? పెద్దకొడుకు సెంట్రింగ్ పనికి పోతడు. బిడ్డకు పదో తరగతి కాంగనే సంబంధం చూస్తరు. అక్కడ నెలకు 100 దిర్హాములు, అంటే 2,300 రూపాయల పైన, ప్రతి నెలా తప్పకుండ పోతే ఆ తల్లి "ఇంకో ఏడు చదవనీ" అంటది. బస్సు కిరాయి, చెప్పులు, కండ్లద్దాలు, సెలవుల్ల ఇంటికొచ్చిన పిల్లకు రెండు జతల బట్టలు. స్పాన్సర్ చేసుడంటే ఇదే. ఇందుల ఫోటో తీసేటంతది ఏమీ లేదు, అందుకే ఎవ్వరూ చేయరు.

ఇంకోటి. మన జేబు కన్నా ముందు వాళ్లకు రావాల్సింది ఇప్పిద్దాం. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తది, దరఖాస్తు కలెక్టర్ ఆఫీసుల పెట్టాలె. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు, కాని ప్రమాదమైతేనే. గుండె ఆగితే రాదు. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది, పిల్లకు నెలకు 4,000. భర్త పోయిన తల్లి పిల్లలకు, తల్లిదండ్రులు ఇద్దరూ లేక నానమ్మ, మేనమామల దగ్గర ఉండేటోళ్లకు వర్తిస్తది. పల్లెల్ల ఏడాది ఆదాయం 72,000 దాటొద్దు. జిల్లా బాలల పరిరక్షణ ఆఫీసుల అడగాలె, లేకుంటే 1098కి ఫోన్ చేయాలె. పెద్ద చెక్కు అచ్చు కొట్టించే పెద్దమనుషులు ఒక్కరోజు ఆ తల్లిని బండి మీద ఆ ఆఫీసుకు తీస్కపోతే ఎంత పుణ్యం!

"ఫోటో లేకపోతే ఎవరూ ఇయ్యరు, లెక్క ఎట్ల తెలుస్తది?" అని అడ్మిన్ అన్నలు అంటరు. లెక్క కావాలంటే ఖాతా స్టేట్‌మెంట్ చూపించండి, పిల్లల మొఖం ఎందుకు? ఆ ఫోటో బడిల తోటి పిల్లల ఫోన్లల్లకు కూడా పోతది. మా పోరణ్ని రెండేండ్లు "చెక్కుగాడు" అని పిలిచిండ్రట. అది కూడా పోయిన నెలనే తెలిసింది నాకు.

ఇక "ఆశ్రమంల వేద్దాం" అనేటోళ్లకు ఒక మాట. తల్లో, నానమ్మో సాదుతుంటే పిల్లల్ని విడదీయకండి. నిజంగ ఎవ్వరూ లేకుంటే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉండాలె. పైసలు పంపేముందు ఆ కాయితం అడగండి.

నాకు మాత్రం ఎవ్వరూ రూపాయి పంపకండి. లైసెన్స్ లేకుండ చందాలు వసూలు చేసుడు ఈ దేశంల నేరం. మీ ఊర్ల, మీకు తెలిసిన ఇల్లు చూడండి. తల్లితోని మాట్లాడి, జీతం పడ్డ రోజే ఆమె ఖాతాకు నేరుగా వేయండి. ముగ్గురు దోస్తులు కలిసి ఒక పిల్లను పట్టుకుంటే ఒకని ఉద్యోగం పోయినా ఇద్దరు నిలబడుతరు. మధ్యల మానేసేటట్టుంటే మొదలే పెట్టకండి.

పోరనికి వీసా చూడనని చెప్పిన. అలిగిండు, వారం ఫోన్ ఎత్తలే. వాళ్లమ్మతోని మాట్లాడి ఐటీఐల ఎలక్ట్రీషియన్‌కు దరఖాస్తు పెట్టిచ్చిన. నేను, ఇద్దరు రూమ్మేట్లు నెల నెలా వేస్తున్నం. సీటు వచ్చిందా లేదా ఇంకా తెల్వదు. పాత ఫోటో మాత్రం నా గోడ మీదికెళ్లి తీసేసిన. మీ దగ్గర ఉంటే మీరు కూడా తీసేయండి.