చెవుల సంరక్షణము



గడచిన మాసమున నేత్రములను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున చెవులను గూర్చి వ్రాయుటకు మా పొరుగింటి కుఱ్ఱవాడు కారణమయ్యెను.

మాది సిరిసిల్ల. 2016లో కరీంనగరము నుండి విడివడి వేఱు జిల్లా యయ్యెను. మరమగ్గములను మా ప్రాంతమువారు సాంచాలందురు. వాని చప్పుడు వినబడని వీథి మా యూర నరుదు. పొరుగింటి వదినె కుమారుడు నాలుగేండ్లుగా సాంచాలపై పనిచేయుచున్నాడు. వదినె బీడీలు చుట్టుచు నొకనాడు, "ఎన్నిసార్లు పిలిచినా పలుకుతలేడు వదినా, పెండ్లి మాట ఎత్తినప్పటిసంది పోరనికి పొగరెక్కింది" అని వాపోయెను. నేనును నట్లే తలచి వానిని పిలిచి, పెద్దలయెడ మెలగవలసిన తీరును గూర్చి భారతకథల నుండి నాలుగు మాటలు చెప్పితిని. వాడు తలయూచుచు వినెను. అందు సగమైనను వానికి వినబడలేదని తరువాత తెలిసినది.

మఱునాడు తల్లి సంచి తెమ్మనగా పంచె తెచ్చెను. ఇంటిల్లపాదియు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. విననొల్లనివాడు ఏమియు తేడు గదా! వీడు తెచ్చినాడు, తప్పుగా తెచ్చినాడు.

కరీంనగరములో చెవివైద్యునికి చూపింపగా, రెండు చెవులకును సన్నని ధ్వనులు వినుశక్తి తగ్గినదని పరీక్షలో తేలెను. రాత్రులందు చెవిలో ఈలవంటి మ్రోత నిద్ర పట్టనీయదని వాడు వైద్యునితో చెప్పువఱకు తల్లికిని తెలియదు. పనివేళ చెవులలో నేమి పెట్టుకొందువని వైద్యుడడిగెను. ఇయర్‌బడ్స్ పెట్టుకొని పాటలు విందునని, అవి లేకున్న పండ్రెండు గంటల పని గడవదని వాడు బదులు చెప్పెను.

ఇందలి కీడు నాకప్పుడు బోధపడినది. సాంచాలశాలలలో 90 డెసిబెల్లులు దాటిన ధ్వని సాధారణము. ఆ రొదలో పాట వినబడవలెనన్న దానికి మించి పెంచవలయును. సాధారణమైన బడ్స్ వెలుపలి రొదను తగినంతగా నాపవు. కనుక చెవికి రొద తప్పలేదు, పైగా పాట తోడయ్యెను. గోదావరిఖని, మందమర్రి వంటి గనుల యూళ్లలో యంత్రముల నడుమ పనిచేయువారి తల్లులును, భార్యలును ఈ మాట గమనింపవలెను. బస్సులో ప్రయాణము చేయుచు పాఠములు వినెడి మన కాలేజీ పిల్లల సంగతియు నింతే.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న భాగమొకటి కలదు. అందు సూక్ష్మమైన రోమకణములు, ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు, జన్మతో వచ్చినవే యుండును. అవి నశించినచో మరల మొలవవు. తీవ్రధ్వనికి ముందుగా చెడునవి సన్నని ధ్వనులను గ్రహించు కణములు. మన వ్యాకరణమున ఊష్మములనబడు శ, ష, స లలో నట్టి ధ్వనులే మెండు. అందుచేతనే మాట వినబడును గాని స్పష్టము కాదు. సంచి పంచె యగుట యిట్లే. ఇంటివారు దీనిని పరధ్యానమనియు, పొగరనియు నందురు. నేనును అన్నదాననే.

ప్రపంచారోగ్య సంస్థయు అంతర్జాతీయ దూరసంచార సంఘమును గలిసి 2019లో నొక ప్రమాణమును ప్రకటించినవి. పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు 75 మేర. ధ్వని 3 డెసిబెల్లులు హెచ్చినపుడెల్ల వినదగిన కాలము సగమగును. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలే. ఈ లెక్క వంటింట నెవరు కట్టగలరు? ఫోనులో ధ్వనిని నూటికి 60 పాళ్లు మించనీయకుడు. చేయిచాచినంత దూరమున నిలిచి మనము మామూలుగా పలికిన మాట పిల్లలకు వినబడనిచో, వెంటనే తగ్గింపుమనుడు. పలు ఫోనులలో ధ్వనికి మేర విధించు వీలు కలదు. మీకు తెలియకున్న ఆ పిల్లలనే యడిగి పెట్టించుడు.

దుకాణములలో ఇయర్‌బడ్స్ అనిన దూదిపుల్లలను గూడ చూపుదురు. పేరొకటైన ఈ రెండవదియు చెవికి హితము కాదు. గులిమి చెవికి కాపు. పుల్ల దానిని లోనికి నెట్టును. తలపిన్ను మాట చెప్పనక్కఱలేదు. చెవులకు తైలము వాగ్భటుని గ్రంథమున నున్నమాట నిజమే. కాని కర్ణభేరికి రంధ్రమున్నదో లేదో యెఱుగక వంటింటి నూనె కాచి పోయుట వేఱు. పాటల బడ్స్‌ను పొడిగుడ్డతో తుడిచి, తడిచెవిలో పెట్టక, ఒకరివి యొకరు ధరింపకుండ చూడవలయును. వానకాలమున చెవిలో బూజు పట్టుట మన యిండ్లలో క్రొత్త కాదు.

పొరుగింటి కుఱ్ఱవాడిప్పుడు శాలలో పాటలు మాని, రొదనాపు మెత్తని బిరడాలు పెట్టుకొనుచున్నాడు. పోయినది రాదు గాని, ఇకపై పోకుండుటకు వైద్యుడు చెప్పిన యుపాయమది. తల్లి వెనుకనుండి కేకవేయుట మాని యెదుట నిలిచి మాటాడుచున్నది. వచ్చిన సంబంధమువారికి ఈ సంగతి చెప్పవలెనా యని మొన్న నన్నడిగెను. చెప్పుమంటిని, ఆ పిల్లయు వానిని పిలువవలసినదే గదా. వదినె యింకను నిశ్చయించుకొనలేదు.