కరిగింది బట్టకు చిక్కదు

బురద నీళ్లయితే బిందెలో తేరనిచ్చి, బట్టతో వడగట్టుకుంటాం. మట్టి నీళ్లలో కరగదు కనుక అడుగున దిగుతుంది. ఫ్లోరైడు అలా కాదు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు రాతిపొరల నుంచి కరిగే బోరులోకి వస్తుంది. కాస్తే పోతుందని ఇంకా కొందరు అంటున్నారు. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడు గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కనవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లలకు గార పళ్లు; మోతాదు మరీ ఎక్కువైతే పెద్దల నడుములు వంగిపోతాయి.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే విధానం నాగపూర్‌లోని నీరి సంస్థది. పేరు నల్గొండ పద్ధతి. రోజూ కొలిచి కలిపే మనిషి ఉంటేనే అది నడుస్తుంది. ఆర్వో ప్లాంటు వేరుచేస్తుంది, నిజమే. మరి వేరుచేసిన ఉప్పునీళ్లు? పక్క కాలవలోకి వదిలితే మళ్లీ భూమిలోకే. పైగా డబ్బా నీళ్లు తాగడానికే కొంటాం, అన్నం వండేది బోరు నీళ్లతోనే.

సాగర్ డ్యాము మన మాచర్ల పక్కనే ఉంది. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో శంకుస్థాపన కూడా చేశారు. అందులో తాగునీటికే మొదటి వాటా అని అధికారులు కాగితం మీద రాసివ్వాలి. అందాకా ప్రతి బోరు పరీక్ష ఫలితం పంచాయతీ గోడకు అంటించమని వచ్చే గ్రామసభలో పట్టుబడదాం.