టీసీ కోసం ఆగిన ఏడో తరగతి

జూన్ 12న బడులు తెరిచారు. పది రోజుల తర్వాత, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న ఒక మంగళవారం, అమ్మ పచ్చిమిర్చి తెమ్మంటే మాదన్నపేట మండికి వెళ్లా. టైమ్ పదిన్నర. మా గల్లీలో ఉండే ఒక అక్క అక్కడ కూరగాయలు అమ్ముతుంది. ఆ రోజు ఆమె పక్కన కూతురు కూర్చుని టమాటాలు తూకం వేస్తోంది. ఏడో తరగతికి వెళ్లాల్సిన పిల్ల.

“ఏమ్మా, ఇయ్యాల బడి లేదా?” అన్నా.

“టీసీ ఇస్తలేరన్నా” అంది చిల్లర లెక్కపెడుతూ.

ఈ కాలమ్‌లో ఎప్పుడూ రాసే మా బస్తీ ముచ్చట్లలో ఈ వారం ముచ్చట ఇదే. ఎందుకంటే ఇది ఒక్క పిల్ల కథ అని నాకు అనిపించలేదు.

అక్క చెప్పింది విన్నాక విషయం అర్థమైంది. బావ ఆటో నడుపుతాడు. పోయిన చలికాలంలో యాక్సిడెంట్ అయి కాలు విరిగింది, నాలుగు నెలలు మంచం మీదే. పాప చదివే ప్రైవేటు స్కూల్లో 22 వేలు ఫీజు బాకీ పడ్డారు. ఇక అక్కడ చదివించలేమని టీసీ అడిగితే, మొత్తం కడితేనే ఇస్తామన్నారు. సరే అని దగ్గర్లో ఉన్న సర్కారు బడికి వెళ్తే, గేటు దగ్గరే ఎవరో “టీసీ ఉందా?” అని అడిగారు. లేదంటే, “తీస్కొని రా పో” అన్నారు. అక్క తిరిగి వచ్చేసింది. మళ్లీ పోలేదు.

“ఇంకోసారి అడగకపోయినవా అక్కా?” అన్నా.

“ప్రైవేటు నుంచి తీసి సర్కారు బడిల ఏస్తున్నరని ఇప్పటికే నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు తమ్ముడూ. చేతిల కాయితం కూడా లేకుండ పోయి ఏమని నిలబడాలె?”

నా దగ్గర జవాబు లేదు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. కానీ ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ప్రైవేటులోనే చదివా. రోజూ ఆ సర్కారు బడి గోడ పక్కనుంచే బండి మీద పోతా, లోపల అడుగుపెట్టింది మాత్రం ఒక్కసారే. అదీ ఓటు వేయడానికి.

మెట్రోలో దొరికిన జవాబు

మర్నాడు ఆఫీసుకు బయల్దేరి, మలక్‌పేట్‌లో మెట్రో ఎక్కి సీటు దొరకగానే ఫోన్‌లో విద్యాహక్కు చట్టం ఓపెన్ చేశా. 2009లో పార్లమెంటు చేసిన చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ‘6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య’ అనే లైన్ మనం సోషల్‌లో బట్టీ పట్టిందే. పరీక్షలో రెండు మార్కులకు రాశాం, మర్చిపోయాం.

అమీర్‌పేట్‌లో ట్రైన్ మారేలోపు సెక్షన్ 5 కనిపించింది. పిల్లలు ఒక బడి నుంచి సర్కారు బడికి గానీ, ఎయిడెడ్ బడికి గానీ మారాలనుకుంటే పాత బడి హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. అంతవరకు ఓకే, ఇవ్వకపోతే ఏంటి? దానికీ అక్కడే సమాధానం ఉంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు, కాదనకూడదు. ఇంకొంచెం కిందికి వెళ్తే సెక్షన్ 14. వయసు రుజువు కాగితం లేదని కూడా ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు.

రెండుసార్లు చదివా. పాప పన్నెండేళ్లది, ఏడో తరగతి. చట్టం వర్తించేది ఎనిమిదో తరగతి వరకు. అంటే ఈ లైన్ అచ్చంగా ఆమె కోసమే ఉన్నట్టుంది. ఆ ఒక్క లైన్ తెలియక పది రోజులుగా మండిలో టమాటాలు తూకం వేస్తోంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఫీజు బాకీ బాకీయే. ఆ ప్రైవేటు స్కూల్ కూడా టీచర్లకు జీతాలివ్వాలి, వాళ్ల డబ్బు అడిగే హక్కు వాళ్లకుంది. కానీ అది పెద్దవాళ్ల మధ్య లెక్క. దానికి పిల్ల చదువును తాకట్టు పెట్టుకోవడం కుదరదు.

గేటు దాటాక

శుక్రవారం గంట లేటుగా లాగిన్ అవుతానని మేనేజర్‌కి మెసేజ్ పెట్టి, అక్కతో, పాపతో బడికి వెళ్లా. ఈసారి గేటు దగ్గర “హెడ్మాస్టర్ మేడమ్‌ని కలవాలి” అన్నాం, అంతే. లోపలికి పంపారు. సెక్షన్ 5 పేజీ ప్రింట్ తీసి జేబులో పెట్టుకున్నా గానీ, బయటికి తీసే అవసరమే రాలేదు.

మేడమ్ మొత్తం విన్నారు. “గేటు దగ్గరి నుంచే ఎందుకు వెళ్లిపోయావమ్మా, నా దాకా రావాల్సింది కదా” అని అక్కనే మెల్లగా మందలించారు. పాప ఏ బడిలో, ఏ తరగతి దాకా చదివిందో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. అక్కకు రాయడం రాదు. పాపే రాసింది, అక్క వేలిముద్ర వేసింది. పావుగంటలో పాప ఏడో తరగతి గదిలో కూర్చుంది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది, అది నాకు బాగా అర్థమయ్యే చిక్కు. దేశంలో ప్రతి బడి పిల్లకూ యూడైస్ ప్లస్ పోర్టల్‌లో 11 అంకెల పెన్ నంబర్ ఉంటుంది. పాప పేరు ఇంకా పాత స్కూల్ ఖాతాలోనే ఉంది. మా ఆఫీసులో ఒక టికెట్ ఇంకొకరి పేరు మీద ఉండిపోతే మనం పని మొదలుపెట్టినా సిస్టమ్‌లో కనిపించదు చూడండి, అలాంటిదే. పాత స్కూల్ వాళ్లు రిలీజ్ చేయాలి, లేదంటే కొత్త బడి రిక్వెస్ట్ పెట్టి పైఅధికారుల ద్వారా తెప్పించుకోవాలి. “అది మేం చూసుకుంటాం, పిల్లను రేపటి నుంచి టైమ్‌కి పంపండి” అన్నారు మేడమ్. పోర్టల్‌లో ఎంట్రీ ఆలస్యమైనా క్లాసులో బెంచీ ఆలస్యం కాకూడదని ఆమెకు తెలుసు.

బడి నుంచి మరికొన్ని కబుర్లు

వెళ్లిన పనిలో పనిగా కొన్ని విషయాలు అడిగి తెలుసుకున్నా. బస్తీలో చాలామందికి పనికొస్తాయి.

ఇంగ్లిష్ మీడియం పోతుందేమో అని అక్క భయపడింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. పాప చూసి “ఇది ఈజీ అన్నా” అంది.

పుస్తకాలు, నోటుబుక్కులు, రెండు జతల యూనిఫాం ఉచితం. మధ్యాహ్న భోజనం పదో తరగతి దాకా ఉంది. జూన్‌లో టీచర్లు బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరుగుతారు. మా గల్లీకీ వచ్చారట. పొద్దున్నే మండికి పోయే అక్క లాంటివాళ్లు ఆ టైమ్‌కి ఇంట్లో ఉండరు. అక్కడే లింక్ తెగింది.

ప్రతి నెలా మూడో శనివారం పేరెంట్ టీచర్ మీటింగ్ ఉంటుంది. చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే బడి గురించి అడిగే కుర్చీ అక్కలాంటి వాళ్ల కోసమే వేసి ఉంది. మన దగ్గర తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే ఇళ్లున్నాయి కాబట్టి, మీటింగ్‌లో ఒకరు చెప్పింది ఇంకొకరికి విడమర్చి చెప్పేవాళ్లుంటే ఇంకా మంచిది. వచ్చే నెల ఆ పని నేను చేస్తానని చెప్పొచ్చా. నా ఉర్దూ క్రికెట్ గ్రౌండ్‌లో నేర్చుకున్నదే, అయినా నడుస్తుంది.

మీ గల్లీలో ఇలాంటిది కనిపిస్తే

గేటు దగ్గర ఆగిపోకండి, హెడ్మాస్టర్‌ను కలవండి. ఆధార్ ఉంటే తీసుకెళ్లండి, పాత ప్రోగ్రెస్ కార్డో ఫీజు రసీదో దొరికితే అదీ. ఏదీ లేకపోయినా వెళ్లండి. ఎనిమిదో తరగతి వరకు టీసీ లేదని కాదంటే, ఆ మాట రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. అప్పటికీ కాకపోతే డీఈఓ ఆఫీసు ఉంది, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. పిల్లను పనికి పెట్టారనో, బడికి పంపట్లేదనో తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఈ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి వాళ్ల విషయంలో ఇంకా తొందరపడాలి.

మా పేటకు గోల్కొండ తానాషా దగ్గర మంత్రిగా ఉన్న మాదన్న పేరు వచ్చిందంటారు. కత్తి పట్టకుండా రాతకోతలతో, లెక్కలతో దర్బారులో పైకొచ్చిన మనిషి. ఆయన పేట మండిలో చకచకా లెక్కలు కట్టే పిల్ల, ఒక కాగితం లేక బడికి దూరమవ్వడం నాకు నచ్చలేదు.

పోయిన ఆదివారం మళ్లీ మండికి వెళ్లా. పాప అక్కడే ఉంది, కానీ తూకం దగ్గర అక్క కూర్చుంది. పాప ఉల్లిగడ్డల సంచి మీద నోటుబుక్ పెట్టుకుని హోంవర్క్ చేస్తోంది. టీసీ ఇంకా రాలేదు. బాకీలో రెండు వేలు కట్టొచ్చానంది అక్క. “మిగిలింది మెల్లగ కడత తమ్ముడూ. బిడ్డ మాత్రం ఆగొద్దు” అంది.

బడి టైమ్‌లో మీ గల్లీలో ఎవరైనా పిల్ల కనిపిస్తే, దాటిపోయే ముందు ఒక్కసారి అడగండి: “ఇయ్యాల బడి లేదా?”