పాత పెట్రోలుతో మొరాయిస్తున్న మందు పంపులు

లక్సెట్టిపేట ప్రాంతంలో పత్తి చేలకు మందు కొట్టే రోజులు రాగానే మెకానిక్ దుకాణాల ముందు పవర్ స్ప్రేయర్లు వరుస కడతాయి. రైతులు తైవాన్ పంపులని పిలుచుకునే ఈ యంత్రాలు నిరుడు దసరా దాకా చక్కగా పనిచేసినవే. ఆ తర్వాత వాటిని ఎవరూ ముట్టలేదు. మూలకు పెట్టిన పంపును తీసి, దుమ్ము దులిపి తాడు లాగితే ఇంజను పలకదు. ఇరవై సార్లు లాగినా అంతే. చేలో పచ్చదోమ పెరుగుతుంటుంది, తెచ్చిన మందు డబ్బా అరుగు మీదనే ఉంటుంది.

"నిరుడు మంచిగనే నడిచిందే అన్నా" అంటాడు రైతు. "లోపల పోయినేటి పెట్రోలే ఉన్నదా?" అని మెకానిక్ అడుగుతాడు. "ఉన్నది. పారబోస్తమా మరి, పైసలు పెట్టి కొన్నది" అని జవాబు. కార్బురేటర్ విప్పి చూస్తే అడుగున లక్క కరిగించి పోసినట్టు పసుపుపచ్చని జిగురు. సన్నని జెట్ రంధ్రం పూడిపోయి ఉంటుంది. ఏటా ఇదే మాట, ఇదే మరమ్మతు.

సొంత పంపు ఉన్న రైతుకు ఇది రెండు రోజుల ఆలస్యం. ట్యాంకుకు ఇంత అని కూలికి మందు కొట్టే యువకులకు మాత్రం అదే బతుకుదెరువు. వానాకాలంలో రెండు వానల మధ్య దొరికే నాలుగు పొడి రోజులే వారికి పని రోజులు. ఆ నాలుగు రోజుల్లో పంపు మెకానిక్ దగ్గర ఉంటే పని ఇంకొకరికి పోతుంది.

ఈ ఇబ్బందికి విరుగుడని చెప్పి పెట్రోలులో కలిపే మందు సీసాలు బజారులోకి వచ్చాయి. ఒకటి జిగురు కట్టనివ్వదట, ఒకటి మైలేజీ పెంచుతుందట, మరొకటి పాత పెట్రోలును కొత్తదిగా చేస్తుందట. మొదటి మాటలో కొంత నిజం ఉన్నది. మూడవ మాట నమ్మితే డబ్బు దండుగ.

పెట్రోలు చెడిపోవడం పాలు విరిగినట్టు ఒక్క పూటలో జరిగేది కాదు. గాలి తగిలే కొద్దీ అందులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. ఇంజను మొదటి లాగుకే అందుకోవడానికి కావలసింది ఆ భాగమే. మిగిలినది గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లమెల్లగా జిగురుగా మారుతుంది. ఎండ, వేడి ఈ పనిని తొందర చేస్తాయి. మే నెలలో రేకుల కొట్టంలో పెట్టిన డబ్బా ఎంత కాగుతుందో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడయింది. చెరకు, మక్కలు, నూకల నుంచి తీసే ఈ స్పిరిట్‌ను పెట్రోలులో కలపడం దేశంలో 2003లో మొదలయింది. 2022లో నూటికి పది పాళ్లకు, 2025లో ఇరవై పాళ్లకు చేరింది. మక్క పండించే రైతుకు దీనివల్ల మేలే కావచ్చు. అయితే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉన్నది. మూత సరిగా లేని డబ్బాలో వానాకాలమంతా ఉంచితే గాలిలోని చెమ్మను లాగుతుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలును విడిచి అడుగుకు దిగుతాయి. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే గొట్టం అందుకునేది ఆ అడుగునున్న నీళ్లనే. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో తెలిపింది. చర్చ అంతా కార్లు, మోటారు సైకిళ్ల చుట్టూనే తిరిగింది. భుజాన మోసే మందు పంపులో ఉండేదీ రబ్బరు గొట్టమే, పోసేదీ అదే పెట్రోలే.

ఇక సీసాల సంగతి. నిల్వకోసం కలిపే అసలైన మందులో ఆమ్లజని పనిని అడ్డుకునే రసాయనాలు, తుప్పును ఆపేవి ఉంటాయి. తాజా పెట్రోలులో, బంకు నుంచి తెచ్చిన నాడే, సీసాపై రాసిన కొలత ప్రకారం కలిపి, ఇంజనును పది నిమిషాలు నడిపితే అది కార్బురేటర్ దాకా చేరి ఉపయోగపడుతుంది. ఒకసారి కట్టిన జిగురును ఇది కరిగించదు. అడుగుకు దిగిన నీటిని మళ్లీ పెట్రోలులో కలపదు. పోయినేటి పెట్రోలులో ఈ యేడు మందు పోయడం, ఎండిపోయిన పైరుకు యూరియా చల్లడం ఒకటే.

నాఫ్తలిన్ గోళీలు వేస్తే బండి బాగా లాగుతుందని నమ్మేవారు ఊరికి ఇద్దరైనా ఉంటారు. బట్టల పెట్టెలో ఉండవలసిన గోళీకి ట్యాంకులో పనేమిటో వారే చెప్పాలి. పెట్రోలు ఆవిరైన చోట అది మళ్లీ గట్టిపడి రంధ్రాలకు అడ్డం పడుతుంది. పెద్ద పెద్ద కంపెనీలు కలిపినదైనా మంచిదే అనుకోవడానికి లేదు. ఇంజను కొట్టుకోకుండా ఉండేందుకు అమెరికాలో 1921లో కనిపెట్టిన సీసం మందును ప్రపంచమంతా దశాబ్దాల తరబడి పెట్రోలులో కలిపారు. పొగతో పాటు ఆ విషం పిల్లల నెత్తురులో చేరింది. మన దేశం 2000 సంవత్సరంలో దాన్ని మానుకుంది. అందరికంటె చివర అల్జీరియా 2021లో మానింది.

మరి రైతు ఏమి చేయాలి? సీజను చివరి మందు కొట్టిన నాడే ట్యాంకు ఖాళీ చేయాలి. తర్వాత ఇంజనును స్టార్టు చేసి, దానంతట అది ఆగేదాకా నడవనివ్వాలి. కార్బురేటర్లో చుక్క మిగలదు, జిగురు కట్టడానికి ఏమీ ఉండదు. మిగిలిన పావు లీటరో, అర లీటరో అదే రకం పంపు ఉన్న పక్క రైతుకు ఆ రోజే ఇస్తే వృథా కాదు. నూరు రూపాయలు దాటిన లీటరులో అర లీటరు విలువ యాభై చిల్లర. దాన్ని కాపాడబోయి కార్బురేటర్ పోగొట్టుకోవడం ఏమి లెక్క? టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోలును ఎక్కువ చేసి పెట్టుకోవద్దు. ఏ రోజుకు కావలసినది ఆ రోజే కలుపుకోవడం మేలు.

గల్ఫ్ పోయినవారి మోటారు సైకిళ్లది మరో కథ. దుప్పటి కప్పి రెండేళ్లు దొడ్లో ఉంచుతారు. ఇనుప ట్యాంకు ఖాళీగా ఉంటే తుప్పు పడుతుంది, నిండుగా ఉంటే పెట్రోలు చెడుతుంది. కొన్ని నెలల మాటైతే తాజా పెట్రోలు నిండా పోసి నిల్వ మందు కలపడం సబబే. ఇటువంటి చోట ఆ సీసా తన ధరకు తగిన పని చేస్తుంది. రెండేళ్ల మాటైతే తమ్మునికో బావమరిదికో తాళంచెవి ఇచ్చి, వారం వారం నడపమనడం ఏ మందుకన్నా నయం. తమ్ముడు ఎంత దూరం నడుపుతాడన్నది ఆ ఇంటివారు చూసుకోవలసిన విషయం.

ఇంజను సంగతి అటుంచి, ఇంటి సంగతి ఇంకా ముఖ్యం. కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు తెచ్చి మంచం కింద, పొయ్యి గది మూలన పెట్టడం ఊరూరా కనిపిస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. నేల వెంట పాకి పొయ్యి దాకా పోతుంది. పిల్లలు నీళ్లనుకుని తాగే ప్రమాదం వేరే ఉన్నది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అది గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ లేక లోహపు పాత్రలో ఉండాలి. గాజు, పింగాణీ అయితే లీటరుకు, లోహమైతే 25 లీటర్లకు మించరాదు. ప్లాస్టిక్ సీసా ఆ వరుసలోనే లేదు. కిరాణ దుకాణంలో సీసాల్లో పోసి అమ్మేవారికి ఈ మినహాయింపు వర్తించదు. బంకు దూరమైన ఊళ్లవారికి ఆ దుకాణమే దిక్కన్నది నిజమే. కాని ఆ సీసా ఎన్నాళ్ల నుంచి ఎండలో ఉన్నదో అమ్మేవాడైనా చెప్పగలడా?

ఈ విషయాలు రైతులకు చెప్పేవారు లేకపోవడం విచారకరం. ఏ పురుగుకు ఏ మందు, ఎకరాకు ఎంత అన్నది వ్యవసాయ విస్తరణ అధికారులు చెబుతున్నారు. ఆ మందు కొట్టే యంత్రం గురించి మాటైనా రాదు. వానాకాలం పనులు మొదలు కాకముందే రైతు వేదికల్లో ఒక పూట మెకానిక్‌ను పిలిపించి, కార్బురేటర్ విప్పి చూపిస్తే చాలు. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం మండలాల్లో దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. బంకుల యజమానులు కూడా పెట్రోలులో ఇథనాల్ ఎంత ఉన్నదో, ఎన్నాళ్లకు మించి నిల్వ ఉంచరాదో తెలుగులో బోర్డు రాసి పెట్టాలి. పంపులు అమ్మే డీలర్లు ఇంగ్లీషు కరపత్రం చేతిలో పెట్టి పంపకుండా, ట్యాంకు ఎప్పుడు, ఎట్లా ఖాళీ చేయాలో కొన్న నాడే చేసి చూపాలి. ఈ యేడు మందు కొట్టడం ముగిసేలోగా ఆ పని మొదలైతే వచ్చే వానాకాలానికి మెకానిక్ దుకాణాల ముందు వరుస కొంతైనా తగ్గుతుంది.