తాళం కంపెనీ దగ్గరే

నెల్లూరు–బద్వేలు దారిలో మర్రిపాడు దగ్గర విద్యుత్ కారు మొరాయిస్తే దిక్కెవరు? పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసిస్తే కంప్యూటర్లు మేల్కోవు, పెద్ద బ్యాటరీని జోడించే స్విచ్‌లు, అంటే కాంటాక్టర్లు, కలవవు. తెర మీద పొంతన లేని హెచ్చరికలు వరసకడతాయి. ఈ మాత్రం మన ఊరి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి పట్టేస్తాడు. (నారింజ రంగు హైవోల్టేజీ తీగల జోలికి మాత్రం శిక్షణ లేనివారు పోనే కూడదు.) అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తోనే. కారు లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ సాకెట్‌కు మామూలు స్కానర్ తగిలిస్తే కంపెనీ సొంత కోడ్‌లు చాలావరకు అంతుబట్టవు. చదవగలిగినా, కొన్నింటిని చెరిపే అనుమతి కంపెనీ పరికరానికే. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచి వాహనాలనూ అందులో చేర్చింది. మంచిదే, కానీ పోర్టల్ చట్టం కాదుగా! ఆ దారిలోని ఆత్మకూరు మెకానిక్కుకూ సర్వీసు మాన్యువళ్లు, కోడ్‌ల వివరాలు సరసమైన ధరకు ఇచ్చి తీరాలని కంపెనీలకు నిబంధన పెట్టాలి.