లోకల్ అయితే గది లేదా?

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే చెరువులయ్యాయి. మా సహచరుడొకరు ముసలి తల్లిని, ఇద్దరు పిల్లలను తీసుకొని నడుంలోతు నీళ్లలోంచి బయటపడి ఒక లాడ్జీకి చేరాడు. గది ఖాళీగా ఉంది. జేబులో పైసలున్నాయి. ఆధార్ కార్డు కూడా ఉంది. కౌంటర్‌లో ఉన్నాయన చిరునామా చదివి కార్డు తిరిగిచ్చేశాడు. ‘లోకల్ వాళ్లకు ఇవ్వం సార్, ఓనర్ చెప్పిండు’ అన్నాడు. ఆ కుటుంబం తెల్లారేదాకా ఒక దుకాణం షట్టర్ ముందు కూర్చుంది.

వేరే ఊరి కార్డయితే గది దొరికేది. సొంత ఊరి కార్డే నేరమైంది!

‘లోకల్’ అనే మాట మనకు కొత్త కాదు. ముల్కీ నిబంధనల నుంచి 1985 నాటి 610 జీవో దాకా మనం కొట్లాడింది స్థానికుడి హక్కు కోసమే. విద్యార్థులు లాఠీదెబ్బలు తిన్నారు. ఉద్యోగులు 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేశారు. 2014లో రాష్ట్రం వచ్చింది. కానీ లాడ్జీ కౌంటర్ దగ్గర స్థానికుడు ఇప్పటికీ అనుమానితుడే.

పోలీసు దాడులకు భయపడుతున్నామని యజమానులు అంటారు. ఊళ్లో ఇల్లుండగా గది ఎందుకని అడుగుతారు. ఇల్లు మునిగినవాడికి, దవాఖానలో మనిషిని ఉంచి బయట తిరుగుతున్నవాడికి, దెబ్బలు తిని అర్ధరాత్రి గడప దాటిన ఆడబిడ్డకు సొంత ఊళ్లోనే గది కావాలి. అనుమానం ఉంటే కార్డు నకలు తీసుకోండి, రిజిస్టర్‌లో రాసుకోండి. తలుపు మూయడం జాగ్రత్త ఎట్లా అవుతుంది?

మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ హోటల్లోకి రాకుండా ఆపరాదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. నివసించే చోటు అనే మాట అందులో లేదు. ఆ సందులోంచే ఈ అన్యాయం సాగుతోంది.

2024 సెప్టెంబర్‌లో ఖమ్మంలో మున్నేరు, 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో మూసీ ఇళ్లను ముంచాయి. వరద మళ్లీ వస్తుంది. అంతకు ముందే ప్రభుత్వం స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. గది ఖాళీగా ఉండి, గుర్తింపు కార్డు చూపినా లోకల్ అని తిప్పి పంపే లాడ్జీ ట్రేడ్ లైసెన్సు రద్దు చేయాలి. స్థానికులకు గది ఇచ్చినందుకే యజమానిని వేధించబోమని పోలీసు శాఖ రాతపూర్వకంగా చెప్పాలి.

అప్పటిదాకా మనం కూడా ఊరుకోవద్దు. గది లేదంటే కారణం కాగితం మీద రాసివ్వమని అడగాలి. సొంత ఊళ్లో తలదాచుకోను చోటడగడం బిచ్చం కాదు, హక్కు.